కంప్యూటరులో కనబడకపోయిన తెలుగు

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



వార్షికోత్సవ సభలో చదువును గురించియు, క్రమశిక్షణను గురించియు, పరీక్షా ఫలితములను గురించియు మాటలాడుట ఆచారము. ఈ సంవత్సరము కంప్యూటరు గదిని గురించి నాలుగు మాటలు చెప్పవలసినదని సంఘమువారు మమ్ము కోరిరి. ఆ గదిని చూచుకొను ఉపాధ్యాయులము ముగ్గురము. ఒకరము గణితమును, ఒకరము తెలుగును, ఒకరము విజ్ఞానశాస్త్రమును బోధించుచున్నాము. యంత్రవిద్యను చదివినవారము మాలో ఎవ్వరమును కాము. చేయి కాల్చుకొని నేర్చుకొన్న విద్యయే మాది. కావున మేము చెప్పబోవునది శాస్త్రోపన్యాసము కాదు. మేము చేసిన ఒక పొరపాటును, దానిని దిద్దుకొనుటకు పడిన పాట్లను మీ ముందుంచెదము.

ఈ విషయమునే ఎన్నుకొనుటకు కారణము కలదు. ప్రతి సంవత్సరమును దాజీ పేఠు నుండియో, సాఖర్ పేఠు నుండియో, అశోక్ చౌకు వైపు నుండియో తల్లిదండ్రులు వచ్చి ఒకే మాట చెప్పుచుందురు. "సారూ, దుకాణంల కొత్త విండోస్ ఏపిచ్చినం. అన్ని నడుస్తున్నయి. తెలుగే వస్తలేదు." ఈ మాట విన్నప్పుడెల్ల మాకు మా పాత యంత్రములే జ్ఞప్తికి వచ్చును.

విండోస్ ఎక్స్‌పి వాడుకలోనున్న రోజులవి. ఎక్స్‌పి 2001వ సంవత్సరమున వెలువడినది. ఒక కార్యాలయమువారు తాము వాడి విడిచిన యంత్రములను మన పాఠశాలకు దానముగా నిచ్చిరి. దానము వచ్చిన ఆవు పండ్లు లెక్కింపరాదందురు గాని, వాటి డిస్కులు మిక్కిలి చిన్నవి, జ్ఞాపకశక్తియు స్వల్పము. తెర వెలుగుటకే ఒక పద్యము చదివి ముగించునంత సేపు పట్టుచుండెను. పనితెలిసిన యువకుడొకడు మాకు సాయపడుటకు వచ్చి, "ఎక్స్‌పి యందు మీకక్కరలేని సామాను చాల ఉన్నది, దానిని తీసివేసి చిన్న సి.డి. తయారుచేసి ఇచ్చెదను" అనెను. ఎన్‌లైట్ అను పేరుగల ఉచిత సాధనమొకటి ఆ కాలమున మిక్కిలి ప్రచారములో నుండెను. విండోస్ స్థాపనకు ముందే దాని సి.డి.లోని భాగములలో అక్కరలేనివాటిని తొలగించి, మిగిలినదానితో కొత్త సి.డి.ని చేసికొనుటకు అది పనికివచ్చును. అతడట్లే చేసెను. యంత్రములు చురుకుగా లేచినవి. మేము సంతోషించితిమి. ఆ సంతోషములో ఒక చిన్న పని మరచితిమి. ఏమేమి తీసివేసితివని అతనిని అడుగనైతిమి, వ్రాసి పెట్టుకొననైతిమి.

కొన్ని నెలలు గడచినవి. ఎవ్వరికిని ఏ లోపమును కనబడలేదు. ఇంగ్లీషు పాఠములు సాగినవి. గణితపు పట్టికలు సాగినవి. కార్యాలయపు మరాఠీ ఉత్తరములును సాగినవి. పుణెలోని మాడ్యులర్ సంస్థవారి శ్రీలిపి వంటి పాతకాలపు అక్షర సాధనములు తమ ఫాంటులను తామే తెచ్చుకొనును, విండోస్ యొక్క భాషా సదుపాయముతో వాటికి పనిలేదు. అందువలన మరాఠీ వ్రాయువారికి కూడ తెలియలేదు.

తెలిసినది వార్షిక సంచిక పనిలో. పిల్లలు తమ వ్యాసములను బంధువుల ఇండ్లలోను, బయటి కంప్యూటరు కేంద్రములలోను టైపు చేయించి పెన్‌డ్రైవులలో తెచ్చిరి. ఒక బాలుడు నారళీ పున్నమనాటి మార్కండేయ రథోత్సవమును గురించి వ్రాసెను. ఒక బాలిక తన అవ్వ నల్లగొండ జిల్లా నుండి పెండ్లికూతురై షోలాపురమునకు వచ్చిన తీరును, మొదటి దినములలో బీడీలు చుట్టుట నేర్చుకొన్న తీరును ఆమె నోటనే విని వ్రాసెను. మన యంత్రములో తెరచి చూడగా వ్యాసము లేదు. వరుసలు వరుసలుగా ఖాళీ పెట్టెలు మాత్రమే ఉండెను. మధ్య మధ్య అంకెలును, విరామ చిహ్నములును నిలిచియున్నవి. ఇటుకలు పేర్చిన గోడవలె నుండెను.

పిల్లలు వెంటనే ఒక నిర్ణయమునకు వచ్చిరి. కంప్యూటరులో తెలుగు నడవదు. వారిలో కొందరు ఆ మధ్యాహ్నమే తమ వ్యాసములను ఇంగ్లీషు అక్షరములతో తెలుగు మాటలుగా వ్రాయసాగిరి. మనకు ఇష్టమైన భాషలో విద్యాసంస్థలను నెలకొల్పి నడుపుకొను హక్కును రాజ్యాంగపు 30వ అధికరణము మనకిచ్చినది. కోసిన సి.డి.కి ఆ అధికరణముతో నిమిత్తమేమున్నది?

ఇంతకంటె పెద్ద తప్పు మాలో ఒకరమే చేసితిమి. పెట్టెలు కనబడుచున్న ఆ వ్రాతను ఒకచోట చేర్చవలెనని, మూడు వ్యాసములను కత్తిరించి నోట్‌పాడ్ అను వ్రాత సాధనములో అతికి, దాచితిమి. దాచునప్పుడు తెరపై ఇంగ్లీషులో ఒక హెచ్చరిక వచ్చెను. ఈ వ్రాతయందు యూనికోడ్ అక్షరములున్నవి, ఈ పద్ధతిలో దాచినచో అవి పోవును అని దాని భావము. తొందరలో సరేయని నొక్కితిమి. మరల తెరచినప్పుడు పెట్టెల స్థానమున ప్రశ్నార్థకములు కనబడెను. పెన్‌డ్రైవు అప్పటికే తుడిచి మరియొక పిల్లవానికి ఇచ్చివేసితిమి.

ఇచ్చట ఒక్క క్షణమాగి ఈ రెండు గుర్తులకుగల భేదమును చెప్పవలెను. ఇది మీ ఇండ్లలో పనికివచ్చును.

కంప్యూటరు లోపల అక్షరము బొమ్మగా నుండదు, సంఖ్యగా నుండును. యూనికోడ్ అను ప్రపంచ ప్రమాణములో తెలుగు లిపికి 128 స్థానములు కేటాయింపబడియున్నవి. ఆ సంఖ్యను చూచి బొమ్మను గీయునది ఫాంటు. సంఖ్య ఉండి ఫాంటు లేనప్పుడు పెట్టె కనబడును. అనగా పెట్టె కనబడినంతకాలము మీ పిల్లవాని వ్రాత చెడలేదు. మరియొక మంచి యంత్రమునకు కొనిపోయినచో చక్కగా కనబడును. ప్రశ్నార్థకములుగా మారి దాచబడినచో మాత్రము సంఖ్యలే పోయినవి. వాటినుండి తెలుగును మరల రాబట్టు ఉపాయము లేదు.

మూడవ గుర్తు ఒకటి కలదు. అక్షరములు కనబడును గాని ఒత్తులు క్రిందికి పోవు. "మార్కండేయ" అని వ్రాసినచో రకారము, దాని ప్రక్కన పొల్లు, ఆ పిమ్మట కకారము వేరువేరుగా నిలుచును. "స్త్రీ" అను మాట మూడు ముక్కలగును. ఫాంటు ఉన్నది గాని, అక్షరములను కూర్చు భాగము పనిచేయుటలేదని దీని అర్థము. విండోసులో ఆ పని చేయుదానికి యూనిస్క్రైబ్ అని పేరు. యుఎస్‌పి10 అను పేరుగల ఫైలులో అది యుండును. నాలుగవది, ఇంగ్లీషు అక్షరములు, చిత్రవిచిత్రమైన గుర్తులు కలగాపులగముగా కనబడుట. అది లోపము కాదు. ఆ వ్రాత యూనికోడ్ కాక పాత అచ్చుకూటపు ఫాంటులో నున్నదని తెలిసికొనవలెను. అదే ఫాంటును తెచ్చినచో చదువవచ్చును.

మా గది విషయమునకు వచ్చెదము. ఎక్స్‌పి యందు తెలుగు ఉన్నది. దానికి ముందు 2000వ సంవత్సరపు విండోసులో హిందీ, మరాఠీ, తమిళములు వచ్చినవి. తెలుగు, కన్నడము, గుజరాతీ, పంజాబీ లిపులు ఎక్స్‌పితో వచ్చినవి. గౌతమి అను తెలుగు ఫాంటును దానితోనే ఇచ్చిరి. కాని ఒక చిక్కు. ఆ సదుపాయము స్థాపనతోపాటు దానంతటది తెరచుకొనదు. కంట్రోల్ ప్యానెలులో ప్రాంతమును, భాషను నిర్ణయించుచోట, సంక్లిష్ట లిపులకు కావలసిన ఫైళ్ళను స్థాపింపుమను చిన్న గడిలో గుర్తు పెట్టవలెను. పెట్టినంతనే, దీనికి 10 మెగాబైట్లు లేక అంతకు మించి స్థలము కావలెనని అది చెప్పును. అటుపిమ్మట సి.డి.ని అడుగును.

మేము గుర్తు పెట్టితిమి. సి.డి.ని అడిగినది. పెట్టితిమి. ఫైలు దొరకలేదని చెప్పినది. తీసి, తుడిచి, మరల పెట్టితిమి. అదే సమాధానము. సి.డి. గీతలు పడినదేమోయని ఇంకొక ప్రతిని చేయించితిమి. చెడిన సి.డి.కి ఎన్ని ప్రతులు తీసినను అదే గదా! ఆ దినము మాకది తోచలేదు.

తరువాత ఎస్ఎఫ్‌సి అను తనిఖీ ఆజ్ఞను నడిపితిమి. విండోసులోని ముఖ్యమైన ఫైళ్ళు చెడియున్నవా, మారియున్నవా అని అది వరుసగా పరీక్షించి, చెడినవాటి స్థానమున మంచి ప్రతులను పెట్టును. దానిపై మేము చాల ఆశ పెట్టుకొంటిమి. అది చాలసేపు నడచి ముగిసెను గాని, తెలుగు రాలేదు. ఏల రాలేదో మాకు తరువాత బోధపడినది. తరగతిలో ఉపాధ్యాయుడు హాజరుపట్టీని చూచి పేర్లు పిలుచును. పట్టీలో ఉన్న బాలుడు రాకపోయినచో గైరుహాజరు వేయును. అసలు చేర్చుకొననే చేర్చుకొనని బాలుని పేరు ఎట్లు పిలుచును? భాషా ఫైళ్ళ సమూహము మా యంత్రములలో ఎన్నడును స్థాపింపబడలేదు. చెడినదానిని బాగుచేయుట ఎస్ఎఫ్‌సి పని. చేరనిదానిని చేర్చుట దాని పని కాదు.

తుదకు అసలు కారణము సి.డి. లోపల వెదకినప్పుడు దొరికినది. ఎక్స్‌పి సి.డి.లో ఐ386 అను ఫోల్డరు ఉండును. దానిలో ల్యాంగ్ అను ఉపఫోల్డరు. మా చిన్న సి.డి.లో ఆ ల్యాంగ్ ఫోల్డరే లేదు. ఆ యువకుని పిలిపించి అడిగితిమి. అతడు దాచలేదు, నిజమే చెప్పెను. చీనా, జపాను, కొరియా భాషల ఫైళ్ళు 230 మెగాబైట్ల చోటు కోరును. చిన్న డిస్కుగల యంత్రములో వాటికి తావెక్కడిది? మన షోలాపురములో చీనా భాష ఎవరికి కావలెను? అని ఆ ఫోల్డరును సాంతముగా తీసివేసెను. మన తెలుగు అదే ఫోల్డరులో, వారి ప్రక్కన, 10 మెగాబైట్ల మూలలో ఉన్నదని అతనికి తెలియదు. అతడు చెడ్డవాడు కాడు, సోమరియు కాడు. అతనికి తెలుగు చదువను వ్రాయను రాదు. కావున అది లేకపోయిన లోటు అతనికి కనబడలేదు. అడుగవలసినవారము మేము.

మీలో పెక్కుమందికి జకార్డు మగ్గము తెలియును. మన ఊరి చద్దరుపై పూవును, నెమలిని నేయించునది అదే. ఫ్రాన్సు దేశమున జోసెఫ్ మరీ జకార్డు అనునతడు 19వ శతాబ్దపు ఆరంభమున దానిని రూపొందించెను. రంధ్రములు పొడిచిన అట్టలను దారముతో వరుసగా కుట్టి మగ్గముపై వ్రేలాడదీయుదురు. ఒక్కొక్క అట్ట ఒక్కొక్క పేకకు ఏ పడుగుపోగులు లేవవలెనో చెప్పును. ఇంగ్లండులో ఛార్లెస్ బాబేజి తాను తలపెట్టిన గణనయంత్రమునకు ఈ అట్టల పద్ధతినే గ్రహించెను. కంప్యూటరు పుట్టుపూర్వోత్తరములలో మగ్గమునకు ఇంత చోటున్నదని మన పిల్లలకు చెప్పినప్పుడు వారి ముఖములు చూడవలెను! ఆ మాట అటుండనిండు. అట్టల దండనుండి ఒక అట్ట ఊడి పడిపోయినదనుకొనుడు. మగ్గము ఆగదు. చప్పుడు మారదు. బట్ట దిగుచునే యుండును. కాని పూవు తిరిగి వచ్చిన ప్రతిసారియు అదే చోట ఒక పేక తప్పును. నేయుచున్నవాడు గమనింపకపోవచ్చును; బట్టను మడతపెట్టు ఆడమనిషి చూచి చెప్పును. మా యంత్రములలో జరిగినది ఇదియే.

ఇట్టి మౌనపు లోపమే ప్రమాదకరమైనది. యంత్రము లేవనే లేవకపోయినచో ఎవరైనను పరుగెత్తి వత్తురు. ఎక్స్‌పి దినములలో నల్లని తెరపై ఎన్‌టిఎల్‌డిఆర్ లేదనియో, హాల్ డిఎల్ఎల్ లేదనియో వ్రాత కనబడి యంత్రము నిలిచిపోవుట కలదు. అప్పుడును లేదన్న మాటను ఉన్నదున్నట్లు నమ్మరాదు. డిస్కులో ఏ భాగమునుండి విండోసును లేపవలెనో తెలుపు చిన్న చిట్టా ఒకటి యుండును. అందులో సంఖ్య తప్పినచో, హాల్ ఫైలు తన చోట క్షేమముగా నున్నను, వెదకువాడు పొరుగింటి తలుపు తట్టి, లేడని తిరిగి వచ్చును. ఆ చిట్టాను దిద్దిన చాలును.

మేము బాగుచేసిన విధము చెప్పెదము. ల్యాంగ్ ఫోల్డరును మాత్రము ఎక్కడినుండియైన తెచ్చి అతికిన సరిపోవునని మొదట భావించి, తెలిసినవారి సి.డి. నొకటి తెచ్చితిమి. వారిది సర్వీస్ ప్యాకు లేని మొదటి ఎక్స్‌పి. మాది రెండవ సర్వీస్ ప్యాకు కలిపినది. ఒక తరమువాని ఫైళ్ళు వేరొక తరమువానితో కలిపినచో కొన్ని పనిచేయును, కొన్ని చేయవు, ఏది ఎందుకు చేయుటలేదో ఎవరికిని తెలియదు. కావున ఆ ప్రయత్నము మానితిమి. ఇంటర్నెట్టులో ఒక్కొక్క డిఎల్ఎల్ ఫైలును విడిగా ఇచ్చు చోటులు కలవు. వాటి జోలికి మేము పోలేదు, మీరును పోకుడు. అక్కడ దొరకునది ఏ తరముదో తెలియదు, దానిలో ఏ రోగమున్నదో తెలియదు.

చివరకు ఆ యంత్రములతో వచ్చిన అసలు సి.డి.లకై దానమిచ్చిన కార్యాలయమునకు వ్రాసితిమి. ఒక అలమరలో అడుగున దొరికినవని పంపిరి. పిల్లల ఫైళ్ళన్నిటిని ముందుగా వేరుగా భద్రపరచి, ఆదివారము రెండింటిలో యంత్రములన్నిటికిని అసలు సి.డి.తో మరల విండోసును స్థాపించితిమి. భాషల గడిలో గుర్తు పెట్టితిమి. చీనా జపాను భాషల గడిని ఖాళీగా విడిచితిమి. ఆ యువకుడు కోరిన 230 మెగాబైట్ల ఆదా ఆ విధముగనే, ఏమియు కోయకయే, లభించినది. యంత్రములు కొంచెము మందగించిన మాట నిజము. రథోత్సవపు వ్యాసమును తెరచితిమి. "మార్కండేయ" అను మాట ఒత్తుతో, సున్నతో తెరపై నిలిచినది.

అవ్వను గురించిన వ్యాసము మాత్రము రాలేదు. ప్రశ్నార్థకములైన మూడింటిలో అదియొకటి. ఆ బాలిక ఇంటికి మేము పోయి, జరిగినది చెప్పి, అవ్వను మరియొకసారి చెప్పుమని వేడుకొంటిమి. ఆమె బీడీల చేట ప్రక్కకు జరిపి నవ్వినది. "మల్ల జెప్పుమంటే అట్లనే యాడికెల్లొస్తది బిడ్డా" అనెను. అయినను చెప్పినది. బాలిక మరల వ్రాసినది. రెండవది మొదటిదానికంటె చాల పొట్టి. రైలు దిగిన తరువాత ఏమి జరిగెనో మొదటిదానిలో ఒక పుటయున్నదట. రెండవదానిలో రెండు వాక్యములు. సంచికలో అచ్చైనది ఆ రెండవదే.

ఇది పాతకథ యనుకొనకుడు. ఎక్స్‌పికి కంపెనీవారి ఆదరవు 2014 ఏప్రిలు 8వ తేదీతో ముగిసినది. విండోస్ 10కి సైతము 2025 అక్టోబరు 14వ తేదీతో సామాన్యమైన ఆదరవు ముగిసినది. 2007 ప్రాంతమున వచ్చిన విస్టా నుండి భారతీయ లిపుల సదుపాయము గుర్తు పెట్టకయే సిద్ధముగా నున్నది. విండోస్ 8తో వచ్చిన నిర్మల అను ఫాంటు ఒక్కటే మన దేశపు లిపులను పెక్కింటిని వ్రాయును. కావున కోయని విండోసులో నేడు తెలుగు కనబడకపోవుట అరుదు. కోసినదానిలోనే ఆ చిక్కు. పాత లాప్‌టాపులను అమ్ము దుకాణములలో "లైట్" అని పేరుపెట్టి, సగము భాగములు తీసివేసిన విండోసును వేయుచున్నారు. అవి వేగముగా తెరచుకొనును. కొనువాడు సంతోషించును, మేము సంతోషించినట్లే.

గౌతమి ఫాంటును గురించి ఒక చిన్న మాట. విండోస్ 10 నుండి గౌతమిని, దానితోపాటు వాణి అను ఫాంటును మూలస్థాపననుండి తీసి, కావలసినవారు తరువాత చేర్చుకొను విధముగా తెలుగు అనుబంధ ఫాంటులని వేరుగా పెట్టిరి. గౌతమితో కూర్చిన మా పాత సంచికల ప్రతులను కొత్త యంత్రములో తెరచినప్పుడు నిర్మల దాని స్థానమున వచ్చి, వరుసలు జరిగి, పుటలు కదలిపోయినవి. మేము మరల ఏదో పోయినదని భయపడితిమి. సెట్టింగ్సులో ఆప్షనల్ ఫీచర్స్ అనుచోట తెలుగు అనుబంధ ఫాంటులను చేర్చగా యథాస్థితికి వచ్చినవి. కాని ఆ ఫాంటులు విండోస్ అప్‌డేట్ ద్వారా దిగుమతి కావలెను. లైట్ విండోసులో ఆ అప్‌డేటునే కోసివేయుట వాడుక. అప్పుడు తలుపు ఉన్నదిగాని మెట్లు లేవన్నమాట.

ఇంటివద్ద కొత్తగా విండోస్ వేయించిన వెంటనే, దుకాణములో ఉండగనే, డబ్బు ఇయ్యకముందే, ఈ పరీక్ష చేయుడు. భాషల జాబితాలో తెలుగును చేర్చుమనుడు. చేరక మొరాయించినచో అది కోసినదని సందేహింపవచ్చును. చేరినచో నోట్‌పాడ్ తెరచి "శ్రీ", "స్త్రీ", "జ్ఞానము", "మార్కండేయ" అను నాలుగు మాటలు వ్రాసి, దాచి, మూసి, తెరచి చూడుడు. ఇదంతయు అయిదు నిమిషముల పని. 2019వ సంవత్సరపు మే నెల మార్పుతో విండోస్ 10లో తెలుగునకు ఉచ్చారణ ననుసరించు కీబోర్డు కూడ వచ్చినది. మా పిల్లలకు మాత్రము మేము ఇన్‌స్క్రిప్ట్ పద్ధతినే నేర్పుచున్నాము. మరాఠీ కకారమును, తెలుగు కకారమును అందులో ఒకే మీటపై ఉండును. మన ఊరి బిడ్డలకు రెండు లిపులును కావలెను గదా. వ్రేళ్ళకు ఒక్క పాఠము చాలును.

లోపము బయటపడినచో ఏమి చేయవలెను? మొదట పిల్లల ఫైళ్ళను పెన్‌డ్రైవులోనికి ఎక్కింపుడు. పెట్టెలుగా కనబడుచున్న ఏ ఫైలును తెరచి దాచవలదు. తరువాత డిఐఎస్ఎమ్ అను ఆజ్ఞను నడిపి, అది ముగిసిన పిదప ఎస్ఎఫ్‌సి నడుపుడు. విండోసు తన విడిభాగములను విన్‌ఎస్ఎక్స్ఎస్ అను ఫోల్డరులో దాచుకొనును. డిఐఎస్ఎమ్ ఆ కొట్టును సరిచేయును; ఎస్ఎఫ్‌సి ఆ కొట్టునుండి తీసి వాడును. కొట్టు ఖాళీగా నుండగా రెండవదానిని ముందు నడిపిన ప్రయోజనమేమి? లైట్ చేయువారు స్థలము మిగుల్చుటకై ఆ కొట్టునే సగము ఖాళీ చేయుదురు. అప్పుడు డిఐఎస్ఎమ్ మూలపు ఫైళ్ళు దొరకలేదని చెప్పి విరమించును. అసలు విండోస్ ప్రతిని, అదే సంచికను, అదే భాషను మైక్రోసాఫ్టువారి చోటునుండి దింపుకొని మూలముగా చూపవలెను. లేదా విండోస్ నడుచుచుండగనే ఆ ప్రతిలోని సెటప్‌ను నడిపి, స్వంత ఫైళ్ళను ఉంచుకొను పద్ధతిలో పైన మరల స్థాపింపవలెను. ప్రతిని దింపుకొనుటకు వెల లేదు. వాడుకకు అనుమతి మాత్రము మీ యంత్రమునకు ఉండవలెను. మిక్కిలి కోసిన స్థాపనపై ఇదియు సాగదు. ఫైళ్ళు భద్రముగా నున్నవి గనుక, తుడిచి మొదటినుండి వేయించుటయే శ్రేయస్కరము. మేము రెండు రోజులు బాగుచేయ జూచి మూడవ రోజున తుడిచిన యంత్రములు పెక్కు కలవు.

అయినచో అక్కరలేనిదానిని తీయనే కూడదా యని కొందరు అడిగిరి. మేము అంత కఠినులము కాము. పాత యంత్రమునకు బరువు తగ్గింపవలసియే యుండును. ఆటలను తీయుడు, ప్రకటనలు చూపువాటిని తీయుడు. స్థాపన అయిన పిమ్మట ఒక్కొక్కటిగా తీసినచో, ఏది తీయగా ఏది ఆగినదో తెలియును, మరల చేర్చుకొనవచ్చును. స్థాపనకు ముందే మూలములో కోసినది తిరిగి రాదు. భాషలు, ఫాంటులు, కీబోర్డులు, అప్‌డేటు అను నాలుగింటి జోలికి ఎవ్వరిని పోనీయకుడు. తీసినదానిని కాగితముపై వ్రాయించుకొనుడు.

కంప్యూటరు గది ఎడమవైపు అలమర తలుపు లోపల అట్టి కాగితమొకటి అంటించియున్నాము. ప్రతి యంత్రమునకు అసలు ప్రతి ఏ అరలో నున్నదో, ఎవరు ఎప్పుడు ఏమి మార్చిరో అందులో వ్రాయబడును. అలమర తాళపు చెవి ఒకటి కార్యాలయములోను, ఒకటి తెలుగు ఉపాధ్యాయునివద్దను ఉండును.

రాబోవు నెలలో ప్రతి ఆదివారము ఉదయము 9 గంటలనుండి 12 గంటలవరకు మేము ముగ్గురము గదిలో నుందుము. తెలుగు రాని లాప్‌టాపులున్నవారు తెచ్చి చూపవచ్చును. చార్జరు మరవకుడు, మన పేటలలో కరెంటు సంగతి మీకు తెలిసినదే. పిల్లవానిని కూడ వెంటబెట్టుకొని రండు, చేయుచుండగా చూచును. ఈ సంచికకు వ్యాసములిచ్చువారు పెన్‌డ్రైవులో ఇచ్చినను, చేతివ్రాత ప్రతిని కూడ ఒకటి జతపరచి ఇయ్యవలెను.